దామలచెరువు కనుమలో గుర్రాల చప్పుడు: ఎంత నిజం, ఎంత పుకారు?

కనుమదారి: అన్నలారా, పాకాల పక్క దామలచెరువు కనుమలో రాత్రిపూట గుర్రాల డెక్కలు వినిపిస్తాయనీ, దారిలో ఎర్రటి కళ్ళు మెరుస్తాయనీ, గుట్టమీద దీపాలు కదుల్తాయనీ, అదంతా యుద్ధంలో పోయిన నవాబు దండేననీ చెప్తారు. పాత రాళ్ళు చూపించి ఇవి ఆ సిపాయిలవే అంటారు. ఈ కథలన్నీ రాసిపెట్టాలని ఉంది. నిజానిజాలు ఎట్లా తేల్చుకునేది?

పాతదస్తరం: యుద్ధం మటుకు నిజం. 1740 మేలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ అక్కడ కనుమకు అడ్డం కూర్చున్నాడు. రఘోజీ భోంస్లే మరాఠా సేన ఆయన కాచిన దారిన రాకుండా వేరే దారిన దిగి వెనకనుంచి పడింది. నవాబు, కొడుకు హసన్ అలీ అక్కడే చచ్చిపోయినారు. దివాను మీర్ అసద్ పట్టుబడ్డాడు.

కథ చెప్పేవాళ్ళను ముందు ‘ఏ నవాబు?’ అని అడుగు. తర్వాతి ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ పడింది 1749లో, ఆంబూరు దగ్గర. హైదర్ అలీ పోయింది 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో, అదీ వీపుమీద రాచపుండుతో. టిప్పు వచ్చేదాకా ఆ చావును దాచిపెట్టినారు, పుకార్లకు అంతకన్నా ఏం కావాల? జనం నోట్లో ముగ్గురూ ఒక్క నవాబైపోతారు.

రాత్రిపిట్ట: ఎర్రటి కళ్ళ సంగతి సులువు. నైట్‌జార్ అనే పిట్ట రాత్రిళ్ళు వెచ్చటి రోడ్డు మీద నేలకు అతుక్కుని కూర్చుంటుంది. బండి లైటు పడితే ఒళ్ళు కనపడదు, కళ్ళు మాత్రం నిప్పుకణికల్లా మెరుస్తాయి. దాని కూత ‘చక్ చక్ చక్ చక్‌ర్‌ర్’ అని మొదట విడివిడిగా, చివర్లో గబగబా సాగుతుంది. దూరంనుంచి వింటే గుర్రం పరుగందుకున్నట్టే ఉంటుంది. అమావాస్యకే వినపడుతుందంటే నమ్మొద్దు, వెన్నెల్లోనే ఇది ఎక్కువ కూస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఒకే చోట, ఒకే టైముకు ఫోన్లో రికార్డు చేసి పోల్చు.

చప్పుడు లోతుగా, ఏకధాటిగా ఉంటే పాకాల జంక్షన్ రైళ్ళను అనుమానించు. రాత్రి నేల చల్లారితే దాన్ని అంటుకున్న గాలి పైగాలి కంటే చల్లబడుతుంది, పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి చానా దూరం పోతుంది. విన్న టైము నిమిషంతో సహా రాసుకుని, ఆ రోజు రైలు వచ్చిన టైముతో సరిచూడు. టైంటేబుల్ చూస్తే లాభం లేదు, రైలు లేటవుతుంది కదా.

కదిలే దీపాలంటావా, మామిడి సీజన్లో తోటల కాపలా టార్చీలు. ఎండిన గుట్టమీద కొరివి దెయ్యానికి చిత్తడి నేలల్లో పుట్టే వాయువు కారణమంటే నప్పదు.

వీరగల్లు: రాళ్ళ విషయంలో తొందరపడొద్దు. మన చిత్తూరు వైపు వీరగల్లుల్లో, అంటే పోరాడి పోయిన వీరుల గుర్తుగా చెక్కి నిలిపిన రాళ్ళలో, చానావరకు బాణులు, నోలంబులు, వైదుంబులనే పాత రాజవంశాల కాలానివి, అంటే నవాబుకు ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ ముందువి. కింద ఆవులు చెక్కి ఉంటే పశువుల మంద కోసం పోరాడి పోయినవాడు. చీకటి పడినాక టార్చి రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించి వేస్తే అరిగిన అక్షరాలు లేస్తాయి. ఎదురుగా ఫ్లాషు వేస్తే అన్నీ చదునైపోతాయి. సుద్ద, నూనె పూయొద్దు. పూజలో ఉన్న రాయైతే ఊరోళ్ళను అడిగి ముట్టుకో.

ఇంకోటి, ‘ఆడ దెయ్యముంది, పోవద్దు’ అని మరీ గట్టిగా చెప్పేవాళ్ళలో గుప్తనిధుల బ్యాచీ కూడా ఉండొచ్చు. నువ్వు మాత్రం పలుగు, డిటెక్టరు తీసుకుపోవద్దు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాల.