అప్‌డేట్: నార్కట్‌పల్లి దాటగానే తెగిపోయే సిగ్నల్ గుట్టు తెలిసింది

నల్గొండ బస్సుల్లో పెడుతున్న మా ట్రాకింగ్ పరికరం బల్ల మీద బాగానే పనిచేసి, 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే ఎందుకు తెగిపోతోందని ఇంతకుముందు అడిగాను. అటెన్యుయేటర్‌తో (సిగ్నల్‌ను ఒకే తీరున బలహీనపరిచే పరికరం) సిగ్నల్ తగ్గిస్తే చాలదు, కదిలే బండిలో సిగ్నల్ పడిలేచే తీరును, అంటే ఫేడింగ్‌ను, బల్ల మీదే సృష్టించే ఫేడింగ్ సిమ్యులేటర్‌కు తగిలించి చూడమన్నారు మీరు. హైదరాబాద్‌లో అద్దెకు దొరికింది. అద్దె వింటే గుండె గుభేలుమంది, అది వేరే కథ.

1800 మెగాహెర్ట్జ్ బ్యాండులో గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే డాప్లర్ (కదలిక వల్ల సిగ్నల్ పౌనఃపున్యంలో వచ్చే మార్పు) సుమారు 167 హెర్ట్జ్. టవర్ నేరుగా కనబడక, తరంగాలు అటూ ఇటూ తగిలి పలు దారుల్లో వచ్చి కలిసే రేలీ ఫేడింగ్‌లో సిగ్నల్ సగటు కంటే 20 డెసిబెల్స్ కిందికి, అంటే నూరో వంతు కన్నా కిందికి, జారే సమయం దాదాపు 1 శాతమే. మా కొంప ముంచింది ఆ కాస్తే.

రెండు యాంటెన్నా పోర్టులకూ వేర్వేరు ఫేడింగ్ ఇస్తే లింకు నిలిచింది. ఒకే ఫేడింగ్ ఇస్తే అచ్చం రహదారి మీదలాగే తెగింది. పెట్టె విప్పి చూస్తే యాంటెన్నాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్య రెండు వేళ్ల ఎడం కూడా లేదు! రెండింటికీ వేర్వేరు ఫేడింగ్ అందాలంటే మధ్య సుమారు సగం తరంగదైర్ఘ్యం ఎడం కావాలి, ఆ బ్యాండులో అది 8 సెంటీమీటర్ల పైమాటే. ఒకటి మునిగితే రెండోదీ మునగక ఏం చేస్తుంది? ఒకదాన్ని అవతలి అంచుకు జరిపాం, సూర్యాపేట దాకా తెగలేదు.

టవర్‌ను తిట్టమన్న మిత్రులారా, టవర్ నిర్దోషి. ఇక 900 మెగాహెర్ట్జ్ బ్యాండు మిగిలింది. అక్కడ సగం తరంగదైర్ఘ్యం దాదాపు 17 సెంటీమీటర్లు, మా పెట్టె అంత పొడవు లేదు. ఉపాయం తెలిసినవారు చెప్పండి.