పిల్లల చేత సలాడ్ డ్రెస్సింగ్ చేయించడం మన ఇళ్లకు తగిన పనేనా?

రాజోలు అమ్మ:
వేసవి సెలవులు కావడంతో ఏడేళ్ల మా అబ్బాయి చేత సలాడ్‌లోకి డ్రెస్సింగ్ చేయిస్తున్నాను. మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో ఒక చెంచా నిమ్మరసం పోసి, చిటికెడు ఉప్పు, పావు చెంచా ఆవపిండి వేసి ఉప్పు కరిగేదాకా తిప్పి, ఆపైన మూడు చెంచాల నూనె పోసి గిలకొట్టమంటే వాడికి అంతకు మించిన ఆట లేదు. పొయ్యితోనూ కత్తితోనూ పని లేదు. ఫ్రెంచివారు సలాడ్‌లో కలుపుకునే వినాగ్రెట్ కూడా దాదాపు ఇంతే. అయినా మా ఇంట్లో పెద్దలకు ఇది నచ్చడం లేదు. మీ ఇళ్లలో ఎలా ఉంటుందో చెప్పగలరు.

భీమవరం పెద్దాయన:
ఏ నూనె వాడుతున్నారో మీరు చెప్పలేదు. గానుగ నువ్వుల నూనె ఇంట్లో ఉండగా ఆలివ్ నూనె కొని తేవడం నాకు అర్థం కాని విషయం.

రాజోలు అమ్మ:
మేము వాడుతున్నది నువ్వుల నూనేనండీ. నేను అడిగింది నూనె గురించి కాదు.

తణుకు సైన్సు మాస్టారు:
ఉప్పు నూనెలో కరగదు కాబట్టి దానిని ముందుగా నిమ్మరసంలో కలపడం సరైన పద్ధతి. ఆవగింజ పైపొరలో ఉండే జిగురు పదార్థం నూనె బిందువులను వెంటనే మళ్లీ ఒకటి కానివ్వదు. అందుచేత ఆవపిండి వేసిన సీసాలోని ద్రవం కొంతసేపు చిక్కగా, మబ్బుగా నిలుస్తుంది, వేయనిది త్వరగా తేరుకుంటుంది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపండి. ఒక జాగ్రత్త చెప్పాలి: పచ్చి వెల్లుల్లి వేసిన నూనెను బయట నిల్వ ఉంచకూడదు, గాలి తగలని చోట పెరిగి ఆహారాన్ని విషం చేసే బోటులిజం క్రిమికి అది అనువైన స్థలం. అదే క్రిమి భయం ఉంది కాబట్టి, తేనె కలిపితే ఏడాది నిండని పిల్లలకు పెట్టవద్దు.

యానాం కుర్రాడు:
మా ఊరు 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్నా, మా ఇంట్లో ఇలాంటి సీసా గిలకొట్టిన వారు ఎవరూ లేరు.

భీమవరం పెద్దాయన:
ఆవపిండి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు పెట్టాలో ఆ పిల్లవాడికి నేర్పారా? కూర దించి చల్లారిన తరువాత కలపకపోతే చేదెక్కుతుంది. అది మానేసి సీసాలు ఊపించడం ఏమి నేర్పినట్లు?

రాజోలు అమ్మ:
నేర్పమని చెప్పడం తేలికండీ. పిల్లవాడు గరిటె పట్టుకోగానే "నువ్వు అవతలికి పో" అనే ఇంట్లో పనసపొట్టు కూర ఎవరికి నేర్పమంటారు?

అమలాపురం కోడలు:
అసలు సంగతి ఎవరూ పైకి చెప్పడం లేదు. మా అమ్మాయి పులుపు చూద్దామని సీసాలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నందుకు, మా అత్తగారు సీసా మొత్తం తూములో పారబోశారు. గొడవ నూనెది కాదు, ఎంగిలిది.

భీమవరం పెద్దాయన:
అవును, ఎంగిలిదే! నైవేద్యం పెట్టకముందు వంట రుచి చూడని ఇల్లు మాది. నా భార్య నలుగురికైనా నలభై మందికైనా చేత్తో ఉప్పు వేసేది తప్ప ఏనాడూ నాలుకతో చూసుకోలేదు. మొన్న నగరం నుంచి వచ్చిన మా మనవడు ఇలాంటి సీసా ఒకటి తయారుచేసి, రుచి చూసి, ఆ ధైర్యంతో ఆమె పెట్టిన పులుసులో ఉప్పు ఎక్కువైందని అందరి ముందూ అన్నాడు. ఆమె ఆ పూట భోజనం చేయలేదు. మీరు పిల్లలకు నేర్పుతున్నది వంట కాదు, తీర్పు చెప్పడం.

రాజోలు అమ్మ:
ఆమె నొచ్చుకోవడం నాకు అర్థమైంది. కానీ ఒక నిమ్మకాయ పులుపు మరొకదానికి ఉండదు, కాబట్టి రుచి చూడకుండా ఇది కుదరదు. మేము కీరా ముక్క మీద రెండు చుక్కలు వేరే పళ్లెంలో వేసుకుని చూస్తాం, సీసా ముట్టుకోం. కీరా అంటేనే మొహం తిప్పుకునే పిల్లవాడు "ఇంకాస్త ఉప్పు పడాలి" అని తనే సరిచేసుకుని తింటున్నాడు. ఆ మాట అనే హక్కు వాడికి ఇవ్వడానికే ఇదంతా చేయిస్తున్నాను.

భీమవరం పెద్దాయన:
వేరే పళ్లెమైతే ఎంగిలి అభ్యంతరం వదులుకుంటాను. తన సీసాకు ఆ హక్కు ఉండవచ్చు, నాయనమ్మ పులుసుకు లేదు.

యానాం కుర్రాడు:
ఇంతకీ పులుసులో ఉప్పు ఎక్కువైందా, లేదా?