ఓఆర్ఎస్ వచ్చి యాభై ఏళ్లు దాటింది. విరేచనాల మీద ఇంకా పరిశోధనలు ఎందుకు?

చెలమ:
సూటిగా అడుగుతున్నాను. నీళ్ల విరేచనాలతో బిడ్డ చనిపోకుండా ఏం చేయాలో మనకు తెలియదా? 1968లో ఢాకాలో వైద్యులు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు, అంటే ఓఆర్ఎస్, తాగించి, సెలైన్ అవసరం చాలావరకు తగ్గిపోతుందని చూపించారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం నిండిపోయింది. సెలైన్ నిల్వలు అడుగంటుతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అప్పుడు కలిపింది లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. అంతే మందు! అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 4 లక్షల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు విరేచనాలతో పోతున్నారు. ఇంకో ట్రయల్, ఇంకో పేపర్ ఎవరికి కావాలి? ఆ డబ్బుతో పైపులు వేయండి, మరుగుదొడ్లు కట్టండి. పేదవాళ్ల పేగుల్ని ఇంకెన్నాళ్లు చదువుతారు?

లెక్కలపుస్తకం:
చెలమ గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ "మరుగుదొడ్లు కట్టండి" అన్న దగ్గరే ఆగాలి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే పల్లెల్లో సరిగ్గా అదే చేసి చూశారు. మెరుగైన మరుగుదొడ్డి, నీళ్లలో క్లోరిన్, చేతులు కడుక్కునే ఏర్పాటు. ఫలితాలు 2018, 2019లో వచ్చాయి. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి. కెన్యాలో, జింబాబ్వేలో తగ్గలేదు. పిల్లల ఎదుగుదలలో వీటివల్ల తేడా మూడు చోట్లా కనిపించలేదు. ఈ ట్రయల్సే లేకపోతే, పని చేస్తోందనుకుంటూ అదే పద్ధతిలో ఊరూరా కట్టుకుంటూ పోయేవాళ్లం.

చెలమ:
ఆ ట్రయల్స్‌లో ఇచ్చిందేమిటో కూడా చెప్పండి. గుంట మరుగుదొడ్డి, క్లోరిన్ సీసా. ఇంట్లోకి కుళాయి వచ్చిందా? మురుగు ఊరు దాటి పోయిందా? చవకలో అయిపోవాలని చేసిన పని చవకగానే మిగిలింది. ఆ పరిశోధకులే తర్వాత, ఈ మాత్రం ఏర్పాట్లు చాలవు, అంతకంటే చాలా పెద్ద మార్పు కావాలి అన్నారు కదా.

వార్డునర్సు:
నేను విరేచనాల వార్డులో తొమ్మిదేళ్లు పనిచేశాను. కలరా మంచం ఎప్పుడైనా చూశారా? మధ్యలో గుండ్రటి రంధ్రం, కింద బకెట్. బియ్యం కడిగిన నీళ్లలా బకెట్‌లోకి పోతూనే ఉంటుంది. ఎంత పోయిందో కొలిచి, అంతా తిరిగి ఎక్కించాలి. ఒంట్లో నీరు పోయిన బిడ్డ పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతుంది, కళ్లు లోపలికి పోతాయి. అదే బిడ్డ కొన్ని గంటల తర్వాత లేచి కూర్చుని తిండి అడుగుతాడు.

నేను చెప్పాలనుకున్నది ఇదండీ. తల్లులు ఓఆర్ఎస్ మానేసేది తెలియక కాదు. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు, పోయిన నీటిని తిరిగి నింపుతుంది. తాగించిన గంటకు బిడ్డ మళ్లీ వెళ్తే ఆ తల్లి ఏమనుకుంటుంది? "మందు పడలేదు" అనుకుంటుంది, సెలైన్ పెట్టమంటుంది. ఒకామె నా కళ్లముందే గ్లాసు పక్కన పారబోసింది. "పోసేకొద్దీ పోతోంది కదమ్మా, ఇంకెందుకు" అంది. తప్పు ఆమెది కాదు. ఏం జరుగుతుందో మేం ముందే చెప్పలేదు.

పరిశోధన అంటే ప్రయోగశాల ఒక్కటే కాదని అందుకే అంటున్నాను. విరేచనాలు త్వరగా తగ్గడానికి జింక్ సాయపడుతుందని ట్రయల్స్ తేల్చాకే 2004 నుంచి ఓఆర్ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు ఇవ్వమంటున్నారు. ఆ తల్లి అడిగినదానికి కొంతైనా జవాబు అక్కడ దొరికింది.

మట్టికుండ:
నర్సు గారు చెప్పినదానికి బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ అనుభవమే సాక్ష్యం. 1980 నుంచి పదేళ్లలో బంగ్లాదేశ్‌లో కోటి ఇళ్లకు పైగా తిరిగి తల్లులకు నేర్పారు. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. తర్వాత వేరేవాళ్లు వెళ్లి తల్లులకు ఎంత గుర్తుందో అడిగి, దాన్నిబట్టి నేర్పినవాళ్లకు జీతం ఇచ్చారు. తల్లులకు అంతా గుర్తుంది, కానీ వాడేవాళ్లు తక్కువ! ఎందుకని ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తల్లోనే కొందరికి ఈ నీళ్ల మీద నమ్మకం లేదని తేలింది. మగవాళ్లతో ఎవరూ మాట్లాడలేదని కూడా తేలింది. అప్పుడు పద్ధతి మార్చారు. ఈ ఆరాకు పరిశోధన కాక ఇంకేం పేరు పెడతాం?

లెక్కలపుస్తకం:
దీనికి దగ్గరగా ఉన్నదే ఇంకొకటి. కర్ణాటక, బిహార్‌లలో రెండు వేల మందికి పైగా ప్రైవేటు వైద్యుల మీద చేసిన అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓఆర్ఎస్ రాయకపోవడానికి స్టాకు లేకపోవడం, లాభం రాకపోవడం చిన్న కారణాలే. రోగులకు అది ఇష్టముండదని వైద్యులు అనుకోవడమే అన్నిటికంటే పెద్ద కారణం. ప్యాకెట్లు ఎన్ని పంచినా ఆ అపోహ పోదు.

చెలమ:
ఇది నేను ఆలోచించలేదు. మందు తెలిస్తే చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పైపుల మాట మాత్రం వదలను. 2010లో హైతీలో ఏమైంది? ఐక్యరాజ్య సమితి శాంతి సైనికుల శిబిరంలోని మలం నదిలో కలిసింది, కలరాతో దాదాపు పది వేల మంది పోయారు. అక్కడ కావలసింది పేపరా, మురుగు కాలువా?

మట్టికుండ:
కాలువే. కానీ ఆ మలం ఎవరిదో తేల్చింది ఎవరు? సమితి ముందు ఒప్పుకోలేదు. మొదటి కేసులు ఏ ఊళ్లలో వచ్చాయో వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు, ఆ క్రిమి జన్యువులను ఆ సైనికులు వచ్చిన నేపాల్ నమూనాలతో పోల్చినవాళ్లు తేల్చారు. అప్పటి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఆ పరిశోధన ఆపేసి ఉంటే లాభపడేది హైతీ పేదవాళ్లు కాదు.

చెలమ:
సరే, దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. నర్సు గారూ, గ్లాసు పారబోసిన ఆ తల్లికి ఇప్పుడైతే ఏం చెబుతారు?

వార్డునర్సు:
మొదటి గ్లాసు ఇవ్వకముందే చెబుతాను. "ఇది తాగినా విరేచనం అవుతుంది, భయపడకండి. ఒకసారి వెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెంగా మళ్లీ తాగించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో పట్టండి. పాలు, తిండి మాన్పించకండి. వచ్చి ఉచ్చ పోశాడా, కళ్లలో తడి ఉందా అని నాకు చెప్పండి." విరేచనాలు లెక్కపెట్టడం మాని ఉచ్చ లెక్కపెట్టమంటాను. అలా చెప్పినప్పటి నుంచి గ్లాసు పారబోయడం నేను చూడలేదు.