‘వాపు’ సరిపోదు, ‘జాతి’ అసలే సరిపోదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక ఆరోగ్య కరపత్రం అనువదిస్తున్నాను. గుండెపోటు రోగుల రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకో, సూక్ష్మజీవులకో ఒళ్లు ఎదురుతిరిగే తీరు) మార్కర్లు, అంటే దాని సూచికలు, వాటిలో రేషియల్ తేడాలు అన్నది విషయం. ‘వాపు సూచికల్లో జాతి భేదాలు’ అని శీర్షిక రాశాను. తిరిగి చదివితే నాకే అర్థం కాలేదు. పెద్దలు దారి చూపించాలి.

జవాబు: తప్పు మీది కాదండీ, ఆ రెండు మాటలదే.

ముందు వాపు సంగతి. మెదడువాపు వ్యాధి అన్న పేరు మన పత్రికల్లో ఎప్పుడో కుదురుకుంది, అక్కడ ఇబ్బంది లేదు. కానీ వాపంటే కంటికి కనపడాలి, వేలితో నొక్కితే గుంట పడాలి. సీఆర్‌పీ, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు రక్తంలో ఎక్కువయ్యే ప్రొటీన్, పెరిగిన మనిషికి ఒంటిమీద ఏమీ కనపడకపోవచ్చు. ‘మీ రక్తంలో వాపుంది’ అంటే పాపం కాళ్లు చూసుకుంటాడు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మనం నాలుగింట్లో ఒకదాన్ని పట్టుకుని మొత్తానికి పేరు పెట్టేశాం. అసలు లాటిన్ మాటలో ఉన్నది నిప్పు అంటుకోవడం.

అలాగని ‘మంట’ అనొద్దు. మా నాన్నగారు ఓ తెల్లవారుజామున ఛాతీలో మంటగా ఉందన్నారు. రాత్రి తిన్నది అరగలేదనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. రెండు గంటలు అలా పోయాయి. అది గుండెపోటు. బతికారు గాని, ఆ రెండు గంటల్లో దెబ్బతిన్న గుండె కండరం మళ్ళీ కోలుకోలేదు. గుండెజబ్బు కరపత్రంలో మంట అన్న మాటను ఆ ఒక్క అర్థానికే అట్టిపెట్టండి, చేతులెత్తి అడుగుతున్నాను.

నా మాట ‘సెగ’. సెగగడ్డ అని ఊరూరా అంటారు కదా. చిన్నప్పుడు నా తొడమీద ఒకటి లేస్తే అమ్మమ్మ వేళ్ల వెనకవైపు ఆనించి చూసి, ‘ఇంకా సెగ పోలేదురా, ముట్టుకోకు’ అనేది. ఎర్రగా ఉబ్బి, సలుపుతూ, కాలిపోతూ ఉండేది ఆ గడ్డ. సెల్సస్ చెప్పిన నాలుగూ అందులో ఉన్నాయి. నివురుగప్పిన నిప్పులా ఒంట్లో ఏళ్లతరబడి ఉండేదాన్ని ‘లోసెగ’ అనొచ్చు. దాని గుర్తే సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుక్కున్నారు. తయారుచేసేది కాలేయం. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ముప్పు ఎక్కువని లెక్క. గుండెపోటు వచ్చాక మాత్రం రెండు మూడు రోజుల్లో అది బాగా ఎగబాకుతుంది, అది దెబ్బతిన్న కండరం రేపిన సెగ.

మరో సభ్యురాలు: మాస్టారూ, సెగ బాగుంది. కానీ పాత వైద్యపుస్తకాల్లో సెగవ్యాధి అంటే గనేరియా అనే సుఖవ్యాధి. పెద్దవాళ్లు ఉలిక్కిపడరూ?

జవాబు: నిజమేనమ్మా, అది నాకు తట్టలేదు. ఉత్త ‘సెగ’ వద్దు, ‘లోసెగ’ అనే రాద్దాం.

ఇక నన్ను ఎక్కువ కలవరపెట్టేది జాతి. దాని ధాతువులోనే పుట్టుక ఉంది. జాతిముత్యం, జాతిగుర్రం, పద్యాల్లో జాతులైన కందం, ద్విపద, చివరికి తెలుగుజాతి... ఎక్కడ వాడినా ‘పుట్టుకతోనే అంతే’ అన్న ధ్వని వస్తుంది. నల్లజాతీయులు అన్న పేరు వాడుకలో పాతుకుపోయింది, దాన్ని తీసెయ్యమనను. ‘జాతి భేదం’ అన్న సమాసమే ప్రమాదం. అమెరికా అధ్యయనాల్లో రేస్ అంటే సాధారణంగా ఫారంలో ఎవరికి వారు గుర్తు పెట్టుకున్న గడి. డల్లాస్ గుండె అధ్యయనం చూడండి, 2005లో వచ్చింది. అది గుండెపోటు రోగుల మీద కాదు, ఆ ప్రాంతపు సామాన్య జనం మీద చేసినది. సీఆర్‌పీ మధ్యస్థ విలువ లీటరుకు నల్లవారిలో 3.0, తెల్లవారిలో 2.3 మిల్లీగ్రాములు. కానీ బరువు, ఇతర గుండెజబ్బు కారణాలు లెక్కలోకి తీసుకునేసరికి ఇరువైపుల మగవారి మధ్య తేడా గట్టిగా నిలవలేదు. ఆడవారిలో మాత్రం, ఏ రంగువారైనా, తెల్ల మగవారికన్నా ఎక్కువే. ఈ సంగతంతా ‘జాతి భేదం’ అన్న రెండు మాటలు మింగేస్తాయి. చదివినవాడు ‘వాళ్ల రక్తమే అంత’ అనుకుని పేజీ తిప్పేస్తాడు.

కెనడాలో దక్షిణాసియా మూలాలవారికి సీఆర్‌పీ యూరప్ మూలాలవారికన్నా ఎక్కువని 2004లో తేలింది. అందులో మనమూ ఉన్నాం. దక్షిణాసియా అనే జాతి తెలుగులో ఉందా చెప్పండి?

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘గుండెపోటు రోగుల్లో లోసెగ గుర్తులు: నల్లవారిలో ఎంత, తెల్లవారిలో ఎంత, ఎందుకు’ అని మార్చాను. లోసెగ మొదటిసారి వచ్చినచోట మీ అమ్మమ్మగారి సెగగడ్డతో ఒక వాక్యం రాసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా రాయండి. ఆ ‘ఎందుకు’ మాత్రం తీసెయ్యకండి.