‘క్షయం’ అన్నాక పరమాణు సంఖ్య పెరగడమేంది?

ప్రశ్న (తిరుపతి): ఇంటర్ పిల్లలు ‘బీటా క్షయం’ అని చూడగానే పరమాణు సంఖ్యలో (కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్కలో) ఒకటి తీసేస్తున్నారు. కార్బన్-14 నుంచి బోరాన్ వచ్చిందని రాస్తారు. క్షయమంటే తరిగిపోవడమే కదా సార్. ‘విఘటనం’ అని మారిస్తే ఈ తప్పు పోతుందా?

జవాబు (చిత్తూరు): పోదండీ. విఘటనమంటే ముక్కలవడం. బీటాలో ముక్కలయ్యేదేముంది? కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో బయటికి పోతాయి. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) 14 అట్లే ఉంటుంది, పరమాణు సంఖ్య 6 కాస్తా 7 అవుతుంది. వచ్చింది నైట్రోజన్. పైగా విఘటనానికీ ‘విచ్ఛిత్తి’కీ (పెద్ద కేంద్రకం రెండుగా చీలడం) తేడా తెలియక పిల్లలు ఇంకో చిక్కులో పడతారు.

క్షయం అన్నది పరమాణు సంఖ్యకు కాదు, మిగిలిన పరమాణువుల లెక్కకు. కార్బన్-14 పరమాణువులు 5,730 ఏళ్లకు సగమవుతాయి. తరిగేది అదీ. ఆ అర్థంలో మాట నిక్కచ్చిగా సరిపోయింది.

బోర్డు మీద సమీకరణంలో బాణానికి రెండు వైపులా కింది అంకెలు (పరమాణు సంఖ్యలు) కూడించండి. ఎలక్ట్రాన్ కింద −1 వేయించడం మరవద్దు. 6 = 7 + (−1). బోరాన్ రాసినవాళ్లకు 5 + (−1) = 4 వస్తుంది, తప్పు అక్కడే కనబడుతుంది. ‘బయటికి పోయింది కాబట్టి తీసెయ్యి’ అనే అలవాటు ఆల్ఫాకు సరిపోతుంది (రెండు ప్రోటాన్లు పోయి 2 తగ్గుతుంది), బీటా దగ్గర బెడిసికొడుతుంది. గామాలో సంఖ్య మారనే మారదు.

ఇంకొకరు: పొటాషియం-40 కూడా చెప్పండి, మన గ్రానైట్‌లోని గులాబీ ఫెల్డ్‌స్పార్‌లో ఉండేదే. నూటికి 89 దాకా బీటాతో కాల్షియం (20) అవుతాయి. మిగతావి దాదాపు అన్నీ ఎలక్ట్రాన్‌ను లోపలికి లాక్కుని ఆర్గాన్ (18) అవుతాయి. ఒకే 19 నుంచి ఒకటి పైకి, ఒకటి కిందికి! రెండింటికీ పేరు క్షయమే.

జవాబు (చిత్తూరు): మంచి ఉదాహరణ. యురేనియం-238 ఇంకా బాగుంటుంది. ఆల్ఫాతో థోరియం (90), బీటాతో ప్రొటాక్టినియం (91), మళ్లీ బీటాతో 92, అంటే తిరిగి యురేనియమే, కాకపోతే 234. చివరిదాకా 8 ఆల్ఫాలు, 6 బీటాలు: 92 − 16 + 6 = 82, సీసం. ఆ ఆరింటినీ కలపకుండా తీసేసిన పిల్లవాడికి 70 వస్తుంది. అది యిటర్బియం!