ఎఫ్‌ఐవీ ఉన్న గండుపిల్లిని ఇంట్లో పిల్లితో కలిపి ఉంచొచ్చా?

తార్నాక మల్లి అమ్మ
అందరికీ నమస్కారం. మాది తార్నాకలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. తొమ్మిదేళ్ల మల్లి మాతోనే ఉంటుంది, గుమ్మం దాటి ఎరగదు. నాలుగు నెలలుగా సెల్లార్‌లో ఒక గండుపిల్లికి తిండి పెడుతున్నాను. పాండు అని పిలుస్తాం. పోయిన వారం మెడ మీద చీముగడ్డతో వచ్చాడు. ఏదో పిల్లి కరిచింది. డాక్టర్ గడ్డ శుభ్రం చేసి, రక్తం తీసి కిట్ మీద పరీక్ష చేశారు. ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే వైరస్) పాజిటివ్, ఫీలైన్ లుకేమియా (పిల్లులకు వచ్చే ఇంకో వైరస్) నెగటివ్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది.

ఆయన, కొట్టుకోకపోతే మల్లితో కలిపి ఉంచొచ్చు అన్నారు. రెండో డాక్టర్‌ని అడిగితే అసలు ఇంట్లోకే తేవద్దన్నారు. మా అత్తయ్యగారు "ఎయిడ్స్ పిల్లి" అని గదిలోకి కూడా రానివ్వట్లేదు. మళ్లీ సెల్లార్‌లో వదలడానికి నాకు మనసు రావట్లేదు. ఏం చేయమంటారు?

మల్కాజిగిరి నుంచి
కలపొద్దండీ. నేను అనుభవించి చెబుతున్నాను. 2021లో జాలిపడి ఒక కూనను పరీక్ష చేయించకుండా ఇంట్లోకి తెచ్చాను. ఏడాదిలో నా రెండు పిల్లులూ పోయాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, ఒళ్లో పడుకుని లేవలేక. అప్పుడు చేయిస్తే లుకేమియా వైరస్ అని తేలింది. ఏ వైరస్ అయితేనేం, తెలిసి తెలిసి తొమ్మిదేళ్ల పిల్లి పక్కన రోగాన్ని పడుకోబెడతారా? మల్లి మిమ్మల్ని నమ్ముకుని ఉంది. మీ మొదటి బాధ్యత దానిదే.

సఫిల్‌గూడ తాతయ్య
అమ్మా, మీ బాధ చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ "ఏ వైరస్ అయితేనేం" అన్న మాట దగ్గర మీతో ఏకీభవించలేను. ఇక్కడ తేడా అంతా అందులోనే ఉంది.

రెండూ ఒకే కిట్‌లో చూస్తారు కాబట్టి జనం కలిపేస్తారు. లుకేమియా వైరస్ లాలాజలంలో దండిగా ఉంటుంది. ఒకదాన్నొకటి నాకినా, ఒకే గిన్నెలో తిన్నా అంటుకోవచ్చు. మీ ఇంట్లో జరిగింది అదే. ఎఫ్‌ఐవీ వేరు, దాన్ని 1986లో కాలిఫోర్నియాలో గుర్తించారు. అది ముఖ్యంగా లోతుగా దిగిన పంటిగాటు వల్ల పాకుతుంది. రాత్రిళ్లు గోడల మీద కొట్టుకునే గండుపిల్లుల్లో ఎక్కువగా కనబడేది అందుకే. మనుషులకు రాదు. తార్నాక అమ్మా, ఈ మాట మీ అత్తయ్యగారికి నిదానంగా చెప్పండి. ఆ పేరు వింటే ఎవరికైనా భయమే.

మా గంగులుకు ఈ జబ్బు ఉందని 2019లో తెలిసింది. ఇంట్లో ఇంకో రెండు పిల్లులున్నాయి. ముగ్గురికీ ఆపరేషన్ అయింది, ఒక్కసారి కూడా రక్తం వచ్చేలా కొట్టుకోలేదు. ఆ రెండింటికీ ఏటా పరీక్ష చేయిస్తాను, ఇప్పటిదాకా నెగటివే.

అలాగని ఊరికే అయిపోలేదు. ఈ వైరస్ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని మెల్లగా తగ్గిస్తుంది. జలుబు త్వరగా తగ్గదు, చిగుళ్లు వాస్తాయి. నోరు వాసన వచ్చినా, చొంగ కారినా, గిన్నె దగ్గరకొచ్చి తినకుండా వెళ్లిపోయినా నేను ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెడతాను. ఆరు నెలలకోసారి మామూలు చెకప్. ప్రతి ఆదివారం నేను బరువు మిషన్ ఎక్కుతాను, తర్వాత వాణ్ణి ఎత్తుకుని ఎక్కుతాను, తేడా క్యాలెండర్ మీద రాసుకుంటాను. నాలుగు కిలోల పిల్లి పావు కిలో తగ్గినా మన కంటికి తెలియదు, ఆ కాగితమే చెబుతుంది. చికెన్ షాపులో ఇచ్చే లివరు, మెడ ముక్కలు పచ్చివి పెట్టను. ఉడికించి, ఎముకలు తీసేసి పెడతాను. పచ్చి మాంసంలోని క్రిములు వీళ్లకు ఇంకా ప్రమాదం.

రాజేంద్రనగర్ విద్యార్థి
వెటర్నరీ చదువుతున్నాను. తాతయ్యగారు చెప్పింది సరైనదే, కానీ ఒక విషయం ఎవరూ అడగలేదు. పాండుని ఎప్పుడు కరిచింది? ఆ కిట్ ఎఫ్‌ఐవీకి యాంటీబాడీలను (వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి) చూస్తుంది, లుకేమియాకు వైరస్ ప్రొటీన్‌నే చూస్తుంది. కరిచిన పిల్లికి లుకేమియా ఉంటే, వారానికే చేసిన పరీక్షలో అది కనబడకపోవచ్చు. అందుకని ఆ నెగటివ్‌ను ఇప్పుడే నమ్మొద్దు. కనీసం 30 రోజుల తర్వాత మళ్లీ చేయించండి. మల్లికి కూడా ఇప్పుడే ఒకసారి చేయించండి. ఆరు నెలల లోపు కూనలకైతే తల్లి పాలతో వచ్చిన యాంటీబాడీల వల్ల ఎఫ్‌ఐవీ ఉత్తుత్తి పాజిటివ్ రావచ్చు. పాండు పెద్దవాడు కాబట్టి అది వర్తించదు.

మల్కాజిగిరి నుంచి
తాతయ్యగారూ, తేడా అర్థమైంది. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను. అయినా నా ప్రశ్న పోలేదు. మీ ఇంట్లో కొట్టుకోలేదు సరే, మల్లి కొట్టుకోదని ఎవరు చెప్పగలరు? తొమ్మిదేళ్లు ఒంటరి మహారాణిలా బతికింది. కొత్తవాడొస్తే తిండి మానేయవచ్చు, టెన్షన్‌తో జబ్బు పడొచ్చు. వేరే పిల్లులు లేని ఇల్లు చూసి పాండుని అక్కడ పెట్టడం ఇద్దరికీ మంచిది కాదా?

బోడుప్పల్ బాల్కనీ
అక్కా, అలాంటి ఇల్లు దొరికితే అంతకంటే ఏముంది? కానీ నాలుగు కూనలకు ఇళ్లు వెతకడానికే నాకు ఐదు నెలలు పట్టింది. ఈ జబ్బున్న పెద్ద గండుపిల్లిని అడిగేవాళ్లు ఎంతమంది? బయట వదిలితే ఇంకో పిల్లిని కరుస్తాడు, ఎండాకాలంలో పుండుతో పడి ఉంటాడు. తిండీ నీళ్లూ లేక బాధపడేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఉంచుకుంటే బాల్కనీ ఒకసారి చూసుకోండి. పావురాల కోసం కట్టే నైలాన్ వలను నమ్మొద్దు, మా పిల్లి కొరికి సందు చేసింది. ఇనుప జాలీ వేయించాం.

రాజేంద్రనగర్ విద్యార్థి
మల్కాజిగిరి అక్క మాటలో న్యాయం ఉంది. కలపడం మల్లి ఇష్టాన్ని బట్టే జరగాలి. ముందు తలుపు వేసి, వాసన మాత్రమే తెలిసేలా తువ్వాళ్లు మార్చండి. తర్వాత తలుపుకు అటు ఒకరు ఇటు ఒకరు తినాలి. మల్లి చెవులు వెనక్కి పెట్టి బుసకొడుతూనే ఉంటే అక్కడే ఆగండి. గిన్నెలు, ఇసుక ట్రేలు ఎవరివి వారికే. వారాలు పట్టినా తొందరపడొద్దు.

తార్నాక మల్లి అమ్మ
అందరికీ దండం. నిన్న మల్లికి పరీక్ష చేయించాను, రెండూ నెగటివ్. పాండు ఇప్పుడు చిన్న బెడ్‌రూమ్‌లో ఉన్నాడు, తలుపు వేసే ఉంది. వచ్చే నెల రెండో పరీక్ష అయ్యేదాకా తీయను. ఈలోపు వేరే పిల్లులు లేని ఇల్లు కూడా వెతుకుతాను. మల్కాజిగిరి గారూ, మీరు అన్నది మనసులో ఉంది. మల్లి ఒప్పుకోకపోతే బలవంతంగా కలపను, కానీ వాణ్ణి మళ్లీ సెల్లార్‌కి మాత్రం పంపను.

మనుషులకు రాదని అత్తయ్యగారికి తాతయ్యగారు చెప్పినట్టే చెప్పాను. పొద్దున ఆవిడే పాండు గిన్నెలో ఉడికించిన చికెన్ వేసి, తలుపు కొంచెం తీసి లోపలికి తోశారు. తర్వాత చేతులు మాత్రం రెండుసార్లు కడుక్కున్నారు.