బ్యాండు మాస్టారు తెరమీద ఉంటే సరిపోతుందా?

పర్లాకిమిడి తెలుగు మాస్టారు:
మా బడిలో బ్యాండు నేర్పే పెద్దాయన గత వేసవిలో పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలో యాజమాన్యం ఎవరినీ వెతకడం లేదు. విశాఖపట్నంలోని శిక్షకుడు వారానికి రెండు గంటలు వీడియోలో పాఠం చెబితే చాలంటోంది. చిన్నప్పుడు ఇదే బ్యాండులో సైడ్‌డ్రమ్ వాయించినవాణ్ణి, దీన్ని ఒప్పుకోలేను.

మొన్నటి పాఠంలో నేనూ కూర్చున్నాను. ట్రంపెట్ ఊదే ఎనిమిదో తరగతి పిల్లవాడి బుగ్గలు బూరెల్లా పొంగాయి. "గాలి పొట్టలోంచి రావాలి" అని తెరమీది శిక్షకుడు మూడుసార్లు చెప్పారు. పిల్లవాడు తల ఊపి మళ్ళీ అలాగే ఊదాడు. పాత మాస్టారైతే దగ్గరకు వచ్చి రెండు వేళ్ళతో ఆ బుగ్గలు నొక్కిపట్టి "ఇప్పుడు ఊదు" అనేవారు. ఆ మాట తెలుగులో ఒకసారి, వెంటనే ఒడియాలో ఒకసారి. మా పిల్లల్లో సగంమంది ఇంట్లో మాట్లాడేది ఒడియానే.

డ్రమ్ముల సంగతి మరీ ఘోరం. మావాళ్ళు రోల్ వాయిస్తుంటే అవతల ఏమీ వినబడలేదట. వీడియో కాల్ మాటల కోసం తయారైనది. ఆగకుండా వచ్చే మోతను గోల అనుకుని తుడిచేస్తుంది.

రాయగడ నుంచి ఒక తల్లి:
మాస్టారూ, మీకు పాత మాస్టారైనా ఉండేవారు. మాకు ఎన్నడూ లేరు. మా అమ్మాయి ఏడాదిగా ఫోనులోనే క్లారినెట్ నేర్చుకుంటోంది. మొదటి నెలంతా కీచు శబ్దాలే. శిక్షకురాలు కెమెరాను నోటి దగ్గరకు తెమ్మని, రీడు (నోట పెట్టుకునే చోట ఉండే పలుచని బద్ద) మీద కింది పెదవి ఎక్కడ ఆనుతోందో చూసి సరిచేశారు. ఒకరోజు కాగితం మీద ఉన్న 'సి' స్వరం వాయిస్తే శ్రుతి చూసే యాప్ దానికంటే ఒక మెట్టు కిందిదైన 'బి ఫ్లాట్' అంది. వాయిద్యం పాడైందని పిల్ల ఏడ్చింది. మామూలు క్లారినెట్‌లో రాసిన 'సి' పలికేది 'బి ఫ్లాట్'గానే అని చెప్పేవారు మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఈ చదువు వద్దనడానికి నాకు మనసొప్పదు.

మీ డ్రమ్ముల ఇబ్బందికి ఒక దారి ఉంది. జూమ్ అయితే అమరికల్లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టి చూడండి, మోతను అంతగా తుడిచేయదు.

బరంపురం, సౌండ్ పని చేసేవాణ్ణి:
అమ్మాయి ఒక్కతే వాయిస్తోందమ్మా. బ్యాండు అంటే కలిసి వాయించడం, చిక్కంతా అక్కడే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 10 మీటర్ల దూరంలోని డ్రమ్ము మనకు దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. అంతవరకు సర్దుకోవచ్చు. వీడియో కాల్‌లో ఆలస్యం తరచూ 150 దాటుతుంది. నిమిషానికి 120 అడుగుల కవాతులో అడుగుకూ అడుగుకూ మధ్య ఉండేదే 500 మిల్లీసెకన్లు. ఇక కాళ్ళు ఎలా కలుస్తాయి?

2010లో అమెరికా స్వరకర్త ఎరిక్ విటాకర్ 12 దేశాల 185 మంది గాయకులను ఒకే వీడియోలో వినిపించారు. ఎవరి ఇంట్లో వారు విడిగా పాడి పంపినవాటిని తర్వాత జోడించారు, అంతే. ఆలస్యం తగ్గించే జాక్‌ట్రిప్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, వాటికి తీగతో వచ్చే నిలకడైన ఇంటర్నెట్ కావాలి.

పర్లాకిమిడి తెలుగు మాస్టారు:
అమ్మా, మీ అమ్మాయి సంగతి చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. పెదవి, రీడు, శ్రుతి పాఠాలు తెరమీద జరగనివ్వండి. తెరను చూపించి మనిషిని ఎత్తేయడం మాత్రం అన్యాయం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. అటు పెళ్ళి బ్యాండుల్లో ట్రంపెట్ ఊదేవారిలో ఒకరిని నెలకు రెండు శనివారాలు పిలిపించినా పిల్లలు కలిసి వాయించడం నేర్చుకుంటారు. ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం ఏర్పడిన ఉత్కళ దినోత్సవానికి పిల్లలు ఊరి ముందు నడవాలి. సోమవారం అర్జీ ఇస్తున్నాను.

మీ అమ్మాయి కెమెరా ఎక్కడ పెడుతుందో కాస్త రాస్తారా?

రాయగడ నుంచి ఒక తల్లి:
ఎదురుగా వద్దు మాస్టారూ. పక్కనుంచి, గడ్డం కంటే కాస్త కిందుగా పెట్టించండి. బుగ్గ, పెదవి రెండూ కనిపిస్తాయి.